చిన్నాయన విమానం పరీక్ష, జేజి గుక్కెడు నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో విమానం నడపడం నేర్చుకుంటున్న మనిషి ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు గానీ, కమలాపురం పక్కన మా పల్లెలో అప్పటికి మోటారు బండి ఎక్కినవాళ్ళే తక్కువ. ఆయన మా నాయనకు తమ్ముడు, నాకు చిన్నాయన. మిషను బడిలో చదివి, మద్రాసులో పై చదువు చదువుతుండగా యుద్ధం వచ్చింది. విమానాలు నడపడానికి మనవాళ్ళను కూడా తీసుకుంటున్నారని తెలిసి, ఇంట్లో ఎవరినీ అడక్కుండా చేరిపోయాడు. చేరిన తర్వాత చెప్పాడు. వాళ్ళమ్మ, అంటే మా జేజి, ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ ఏడు కొర్ర కోసి కల్లానికి చేర్చిన రోజుల్లో చిన్నాయన ఉన్నట్టుండి ఇంటికి దిగాడు. సెలవిచ్చారన్నాడు. అసలు సంగతి మరునాడు బయటపడింది. విమానంలో ఒంటరిగా పంపించే ముందు ఒక దొర ఎదురుగా కూర్చోబెట్టుకొని నోటి పరీక్ష పెడతాడట. కాగితం, కలం ఏమీ ఉండవు. ఆయన అడుగుతాడు, మనం చెప్పాలి. ఆ పరీక్షలో చిన్నాయన తప్పాడు. ఇంకొక్కసారి చూస్తామన్నారు. అందులోనూ తప్పితే మూటాముల్లె సర్దుకొని ఇంటికి రావడమే, మళ్ళీ విమానం దగ్గరికి రానివ్వరు. ఎందుకు తప్పావురా అని మా నాయన అడిగితే, ఆ దొరకు మనవాళ్ళంటే గిట్టదన్నాడు. మా నాయన నమ్మాడు. జేజి మాత్రం కొడుకు ముఖంలోకి కాసేపు చూసి, లేచి పనికి పోయింది.

చిన్నాయనకు ప్రశ్నలు అడిగే మనిషి కావాల్సి వచ్చింది. ఆ కొలువు నాకు దక్కింది. నేను అప్పుడు మిషను బడిలో నాలుగో తరగతి. పరీక్ష ఇంగ్లీషులోనే అయినా, తెలుగులో చెప్పగలిగితే ఇంగ్లీషులో చెప్పడం ఎంతసేపు అని చిన్నాయన ధీమా. అందుకని ప్రశ్నలన్నీ నాకు తెలుగులో నేర్పాడు. ఆకాశంలో ఎదురెదురుగా రెండు విమానాలు వస్తే ఏం చేయాలి? ఇద్దరూ కుడికి తిరగాలి. రెక్కల చివర దీపాలు ఏ రంగు? ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ. తెల్లవారి విమానం తీసే ముందు పెట్రోలు తొట్టి అడుగు నుంచి కాస్త ఎందుకు వదలాలి? రాత్రి చలికి లోపల చెమ్మ పట్టి నీళ్ళు చేరతాయి గనక. నాకు అర్థమయ్యేదాకా వదిలేవాడు కాదు, ఆ ఓపిక ఆయనకుండేది. రెక్క గాలిలో ఎలా నిలుస్తుందో చెప్పడానికి జేజి చేటను తీసుకొని గాలికెదురుగా పట్టుకోమన్నాడు. ముందంచు కొంచెం పైకెత్తితే చేట నా చేతుల్లోంచి పైకి లాగింది. ఇంకా ఎత్తమన్నాడు. బాగా ఎత్తేసరికి పైకి లాగడం మానేసి, నన్నే వెనక్కి నెట్టింది. విమానం ముక్కు అతిగా ఎత్తితే అంతే, గాలి పట్టు తప్పి రాయిలా పడిపోతుంది అన్నాడు. ఈ వయసులో కూడా చేట చేతికొస్తే నాకు అదే గుర్తొస్తుంది.

ఇంత తెలిసిన మనిషి ఎలా తప్పాడో తెలియాలంటే మా గుడి సంగతి చెప్పాలి. మావి తరతరాలుగా చర్చికి పోయే కుటుంబాలు. ఆదివారం సాయంత్రం పాదిరి అయ్యగారు పిల్లలను వరసగా నిలబెట్టి వేదపాఠం ప్రశ్నలు అడిగేవారు. ప్రశ్నలూ మారవు, జవాబులూ మారవు. అందుకని మా పిల్లల్లో ఒక పందెం ఉండేది, అయ్యగారి నోట్లో ప్రశ్న సగంలో ఉండగానే జవాబు అందుకోవడం. మొదటి మాట వినగానే గుర్తుపట్టి గడగడా అప్పజెప్పినవాడే మొనగాడు. పెద్దవాళ్ళు కూడా చూసి మురిసిపోయేవాళ్ళు. ఆ రోజుల్లో మా చిన్నాయనను మించిన మొనగాడు మా గుడిలో లేడట. అయ్యగారు గొంతు సవరించుకుంటే చాలు, మా వాడు జవాబు మొదలుపెట్టేవాడని మా నాయన గొప్పగా చెప్పుకునేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం కల్లంలో తూర్పార పడుతున్నారు. జేజి ఎత్తుపీట మీద నిలబడి చేటతో కొర్రలు వదులుతుంటే గాలికి పొట్టు పోయి గింజ కింద పడేది. ఉన్నట్టుండి గాలి నిలిచిపోయింది. గాలి లేకపోతే ఆ పని సాగదు, కూర్చొని ఎదురుచూడాల్సిందే. అందరం వేపచెట్టు నీడకు చేరాం. పక్క కల్లం సాయిబు తాత కూడా బీడీ ముట్టించుకొని మా దగ్గరికే వచ్చాడు. చిన్నాయన ఊరికే కూర్చోలేక నన్ను ప్రశ్నలు అడగమన్నాడు. నేను అడగడం, ఆయన అందుకోవడం. పది ప్రశ్నల్లో ఒక్కటి కూడా నేను చివరిదాకా అడగలేదు. నా నోట్లో ఉండగానే జవాబు వచ్చేసేది. సాయిబు తాత భలే భలే అంటున్నాడు. నేనూ ఉబ్బిపోయాను.

జేజి చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ అంతా వింది. విని నన్ను పక్కకు పిలిచింది.

"మే పాపా, ఆ ఇంజను ఆగిపోయే ప్రశ్న ఉండాది చూడు, అది మళ్ళా అడుగు. అయితే, విమానం ఇంకా నేల మీదనే ఉండాది అని చివర్న చెప్పు."

నేను పోయి అడిగాను. ఇంజను ఆగిపోతే అన్నానో లేదో, చిన్నాయన ఎత్తుకున్నాడు. ముక్కు దించాలి, వేగం నిలుపుకోవాలి, పొగ చూసి గాలి ఎటు వస్తోందో కనిపెట్టాలి, మంచి చేను ఎంచుకోవాలి, పెట్రోలు వదిలే మర సరిగా తిప్పి ఉందో చూడాలి, చుట్టూ తిరుగుతూ గాలికి ఎదురుగా దిగాలి. నేను చెప్పిన చివరి మాట ఆయన జవాబు కింద పడి నలిగిపోయింది. ఊపిరి పీల్చుకొని ఎలా ఉంది అన్నట్టు అందరినీ చూశాడు.

"బాగనే ఉండాది గానీ, పాప అడిగింది నేల మీదుండే విమానం సంగతి రా," అంది జేజి. "నేల మీదుండే దానికి ముక్కు దించితే యాడికి పోతాది? బాయిలోకా?"

సాయిబు తాతకు నవ్వి నవ్వి దగ్గొచ్చింది. "ఏమప్పా, నీ విమానం మా కల్లం దిక్కు రాకుండా చూసుకో," అన్నాడు. నేను కూడా నవ్వాను. చిన్నాయన నవ్వలేదు. ముఖం నల్లగా చేసుకొని, లేచి చేలగట్టు దాకా పోయి అక్కడే అటు తిరిగి నిలబడ్డాడు. నవ్వులాట చెడిందని సాయిబు తాత తన కల్లానికి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి చిన్నాయన తిరిగొచ్చి జేజి పక్కన కూర్చున్నాడు. ఆ దొరకు మనవాళ్ళంటే గిట్టదన్న మాట అబద్ధమని అప్పుడు చెప్పాడు. "ఈడనే అమ్మా నేను తప్పింది. విమానం అప్పుడే లేచింది, రెండు తాటిచెట్ల ఎత్తులో ఉండాది, ఇంజను ఆగింది, ఏం జేస్తావని అడిగినాడు. ఇంజను అనే మాట వినంగానే నేను ఇదంతా అప్పజెప్పినా. ఆయప్ప అంతా విని, నువ్వీ మాటలు చెప్పేలోపలే సచ్చిపోయినావు నాయనా అన్నాడు."

రెండు తాటిచెట్ల ఎత్తులో ఉన్నప్పుడు జవాబే వేరట. చుట్టూ తిరగడానికి ఎత్తు లేదు, వెతుక్కోవడానికి వ్యవధి లేదు. లేచిన చోటికే తిరిగి పోదామని ప్రాణం లాగుతుంది గానీ, తిరగబోతే గాలి పట్టు తప్పి పడిపోతుంది. ముక్కు దించి, ఎదురుగా చేనుంటే చేను, చౌడుంటే చౌడు, నేరుగా దిగిపోవాలి. ఆ జవాబూ చిన్నాయనకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అడిగింది అదని మాత్రం వినలేదు.

 అప్పుడు జేజి అన్న మాటలు విని నేను భయపడ్డాను, పెద్దవాళ్ళు అలా మాట్లాడతారని నాకు అంతవరకు తెలియదు.

"నువ్వు తప్పినావని తెలిసినప్పుడు నాకు లోపల్లోపల సంతోషమైంది రా. నా కొడుకు ఇంటికొచ్చేస్తాడులే అనుకున్యా. నిన్న గూడా అదే అనుకున్యా. కానీ నువ్వు నిలిచేవానివి కాదు. ఇది కాకుంటే ఇంకోటి పట్టుకొని పోతావు. పోయేవానివి వినేది నేర్చుకొని పో. నువ్వు పాసయ్యేది కాదు నాకు, తిరిగొచ్చేది కావల్ల."

అని, కడవలోంచి చెంబుతో నీళ్ళు ముంచి కొడుకు చేతికిచ్చింది. గుక్కెడు నోట్లో పోసుకోమంది. మింగకూడదు. పాప అడగడం పూర్తిగా అయిపోయిన తర్వాత మింగి, అప్పుడు జవాబు చెప్పాలి. అంతే ఆమె చెప్పింది. విమానం గురించి ఆమెకు ముక్క తెలియదు, తన కొడుకు నోటి సంగతి మాత్రం బాగా తెలుసు.

చెప్పినంత తేలిక కాలేదది. మొదటి ప్రశ్నకే చిన్నాయన ఆగలేక నోరు తెరిచాడు, నీళ్ళన్నీ నా గౌను మీద పడ్డాయి. రెండోదానికి కొరబోయి ముక్కులోంచి వచ్చాయి. ఆ పూట నేను రెండు గౌనులు మార్చాను. ఆ తర్వాత ఆయన ఉన్నన్ని రోజులూ కల్లంలో, వాకిట్లో, పొయ్యి దగ్గర, ఎక్కడ ప్రశ్న అడగాలన్నా ముందు చెంబు రావాల్సిందే. జేజి నన్ను బాగా తయారుచేసింది. మొదలంతా ఒకే మాదిరిగా పెట్టి చివర మార్చమనేది. గాలికి ఎదురుగా అని మొదలుపెట్టి, ఒకసారి లేచేటప్పుడు అనేదాన్ని, ఒకసారి దిగేటప్పుడు అనేదాన్ని. చిన్నాయన బుగ్గలు ఉబ్బించుకొని, కళ్ళు పెద్దవి చేసి నా నోటి వంకే చూసేవాడు. అంతకుముందు ప్రశ్న అడిగేటప్పుడు ఆయన ఆకాశం వంక చూసేవాడు.

సెలవు అయిపోవస్తున్నప్పుడు ఒక పొద్దున జేజి కొర్రలు చెరుగుతుంటే నేను మామూలుగా అడిగాను, ఇంజను ఆగిపోతే ఏం చేస్తావు చిన్నాయనా అని. చివర ఏమీ చేర్చలేదు, మరిచిపోయాను. ఆయన ఆగాడు. నేనింకేమైనా చెబుతానేమోనని చూశాడు. నేను చెప్పలేదు. నీళ్ళు మింగి, మెల్లగా, "ఎంత ఎత్తులో ఉన్నప్పుడు పాపా?" అన్నాడు.

జేజి చెరగడం ఆపి చేట కింద పెట్టింది. ఇంక పో నాయనా అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అందులో సంతోషం ఎంతో, ఏడుపూ అంతే ఉంది.

చిన్నాయన వెళ్ళాడు, పాసయ్యాడు. ఈసారి దొర చాలా అడిగాడట. ప్రతిదానికీ ఈయన ఒక గుటక మింగి చెబుతుంటే, నీకు దాహంగా ఉందా, నీళ్ళు తెప్పించనా అన్నాడట. ఆ సంగతి చెప్పుకొని మా ఇంట్లో ఎంత నవ్వుకున్నామో చెప్పలేను.

ఆ మరుసటి ఏడు సెలవుకు వచ్చినప్పుడు మాత్రం నవ్వే సంగతి కాదు, ఇంకొకటి చెప్పాడు. అన్నం తింటూ, ఏదో మామూలు మాటలాగా చెప్పాడు. ఒకనాడు విమానం లేచీ లేవకముందే నిజంగానే ఇంజను ఆగిపోయిందట. వెనక్కి చూస్తే లేచిన మైదానం అంత దగ్గర్లో కనబడుతోందట, తిరిగితే చాలనిపించిందట. "గుటక మింగినానమ్మా. మింగేసరికి ఎంత ఎత్తులో ఉండానో తెలిసొచ్చింది. ముక్కు దించి నేరుగా జొన్నచేన్లోకి పోయినా. చక్రాలు విరిగినాయి. నేను నడుచుకుంటా బయటికొచ్చినా."

జేజి వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టి, ఎంగిలి చేయి అని కూడా చూడకుండా కొడుకు చేతిని రెండు చేతులా పట్టుకొని అలాగే కూర్చుంది. అంత పెద్ద మనిషి, యుద్ధంలో పనిచేసే మనిషి, చేయి వెనక్కి తీసుకోలేదు. అన్నం చల్లారిపోయింది. వేడిగా ఇంకొంచెం వడ్డించమని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

నేను పెద్దదాన్నై నర్సు పని నేర్చుకొని రాయచోటి వైపు పల్లెల్లో చాలా ఏళ్ళు చేశాను. మనుషులు పరుగెత్తుకుంటూ వచ్చి మొదటి మాట పడేస్తారు. కడుపునొప్పి సిస్టరమ్మా అంటారు. ఆ మాటకు మందు నా చేతికి అందేంత దూరంలోనే ఉండేది. నేను ఒక గుటక మింగేదాన్ని. ఆ కాస్త వ్యవధిలో ఇంకొక మాట వచ్చేది, పొద్దున కట్టెల మోపు ఎత్తేటప్పుడు వేలికి ఏదో చురుక్కుమందని. అది కడుపునొప్పి కాదు, కట్లపాము. అలా బతికినవాళ్ళు ఇప్పటికీ దారిలో కనబడి పలకరిస్తారు. వాళ్ళు నాకు దండం పెడుతుంటే, ఇది మా జేజికి చెందాల్సింది కదా అనుకుంటాను.

ఇప్పుడు మా మనవరాలు ఏదైనా అడిగితే నేను వెంటనే పలకనని, అవ్వకు చెవుడు వస్తోందని ఇంట్లో చెబుతోంది. చెప్పుకోనీ. నా చెవులు నిక్షేపంగా ఉన్నాయి. నేనలా ఊరికే చూస్తూ ఉంటే, ఆ పిల్ల మొదట అడిగింది వదిలేసి, దగ్గరికి జరిగి కూర్చొని, అసలు అడగాలని వచ్చింది అడుగుతుంది.