పిల్లాడి మీద ఫిర్యాదులు

నా భార్య చనిపోయిన ఏడాదికి మళ్లీ పనిలో చేరాను. చిన్న సేవాసంస్థల సిబ్బందికి, తమ పని వల్ల ఏం మారిందో కథగా చెప్పడం నేర్పించడం నా పని. కథల మీద నమ్మకం ఉంది కానీ వాటికి తొడిగే పెద్ద మాటల మీద అప్పటికే పోయింది. అయినా అనకాపల్లి నుంచి పిలుపొస్తే వెళ్లాను.

అక్కడొక సంస్థ పసిపిల్లల కేంద్రం నడుపుతోంది. అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దింపి పోతారు. ఖర్చు భరిస్తున్న దాతలు మర్నాడు చూడ్డానికి వస్తున్నారు. వాళ్లకు నమ్మకం కుదరకపోతే కేంద్రం మూతబడుతుంది. ఆ తల్లులు ఉద్యోగాలు మానుకోవాల్సిందే.

కూర్చోబెడితే ఒరిగిపోయే ఒక పిల్లాడు ఇక్కడికొచ్చాక పరుగులు పెడుతున్నాడని విన్నాను. ఆ కథ చెప్పమని ఆయాను అడిగాను.

"ఆ బాబు ఇప్పుడెలా ఉన్నాడమ్మా?"

"ఏదో, అలాగున్నాడండి."

"బాగా కోలుకున్నాడట కదా?"

ఆమె గాభరాగా తలుపు వైపు చూసింది. "మెల్లగా అనండి సారూ! నోటితో అనేత్తే దిష్టి తగలదేటి? నిన్ననే ఆళ్లమ్మ ఉప్పు దిగదుడిసింది."

"సారుకేటే, అనేసి బస్సెక్కేత్తారు," అంది వంటావిడ. "జొరమొత్తే ఎత్తుకు తిరగాల్సింది నువ్వు."

ఎవర్నడిగినా, ఏ బిడ్డ గురించి అడిగినా అదే జవాబు. దాతల ముందూ ఇలాగే అంటే ఇక్కడేమీ జరగలేదనుకుంటారు. అలాగని పసిపిల్లల విషయంలో వాళ్ల భయాన్ని కొట్టిపారేయడానికి నాకు మనసు రాలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మాటల్లో నా భార్య పోయిందని తెలిసి ఆయా అడిగింది, "మేడమ్ గారు ఎలాంటోరు సారూ?"

మంచిది అనబోయి ఆగాను. ఏడాదిగా పరామర్శల్లో విని విని ఆ మాట అరిగిపోయింది.

"నా పుస్తకాల్లో పేజీల కొసలు మడిచేసేది. ఎంత చెప్పినా వినేది కాదు. నాకంటే ముందు చివరి పేజీ చదివేసి, ఏమైందో చెప్పేసేది."

ఆయా నవ్వింది. "ఎంతిట్టమో తెలిసిపోతంది."

"నేను పొగడలేదు కదమ్మా."

"పొగిడితే తెలీదండి."

అన్నం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. "అయితే రేపు మీరూ పొగడొద్దు. ఆ పిల్లాడి మీద ఫిర్యాదులు చెప్పండి."

"తిట్టమంటే పొద్దుగూకేదాకా తిడతాను!"

మర్నాడు దాతల తరఫున ఒకామె వచ్చింది. ఆయా పిల్లాణ్ని ఒళ్లోకి లాక్కుంటే వాడు జారి పారిపోయాడు.

"సూడండమ్మా ఈడి వరస! ఒకప్పుడు గోడకి ఆనించినా ఒరిగిపోయేవోడు. అప్పుడే నయం, నా నడుంకి సుఖంగుండేది. ఇప్పుడు వంటగదికి గొళ్లెం ఎయ్యాల. కనబడ్డ సెప్పల్లా నీళ్ల డ్రమ్ములో పడేత్తాడు."

వచ్చినామె గుమ్మం వైపు చూసింది. ఆమె చెప్పుల్లో ఒకటే ఉంది. గట్టిగా నవ్వేసి, చాప మీద కూర్చుని, "ఇంకా ఏం చేస్తాడు?" అంది. అందరి పిల్లల మీదా ఫిర్యాదులు అయ్యేసరికి ఆమె కారు డ్రైవరు రెండుసార్లు తొంగిచూసి వెళ్లాడు.

కేంద్రం కొనసాగుతుందని తర్వాత తెలిసింది. సంతోషంగా ఉందని చెప్పడానికి ఆయాకు ఫోన్ చేశాను.

"ఏటి సంతోసం సారూ! ఈళ్లతో ఇంకో ఏడాది ఏగాల," అంది. అంతలోనే ఏదో దబ్బున పడిన చప్పుడు. "ఒరే, ఆగరా!" అంటూ ఫోన్ ఎక్కడో పెట్టి పరిగెత్తింది.

నేను కట్ చెయ్యలేదు. చాలాసేపు ఆ గోల వింటూ కూర్చున్నాను.