పెద్ద ప్రాసెసరూ, రాని పైరగాలీ

నాకు వంటలో పేరు లేదు, ముగ్గులో పేరు లేదు. పెళ్లి వీడియోల ఎడిటింగులో మాత్రం నాకు సాటి వచ్చేవాళ్లు మా బిట్రగుంటలో లేరు. ఆ పని చేసేది ఊళ్లో నువ్వొక్కదానివే కదా అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. ఆయన కెమెరాతో తీసుకొచ్చిన ఆరేడు గంటల గజిబిజిని జనం కూర్చుని చూసే సినిమాగా మార్చేది నేను.

అయినా మొన్నమొన్నటిదాకా ఒక రకం పని మా చేతికి అందేది కాదు. ఇప్పుడు పెళ్లివాళ్లకు పొద్దున ముహూర్తమైతే సాయంత్రం రిసెప్షన్లో ఆ పెళ్లినే పెద్ద తెర మీద చూసుకోవాలి. మా పాత కంప్యూటర్ మీద అది జరిగే పని కాదు. అలాంటి బేరం వస్తే మా ఆయన తీసిందంతా నెల్లూరు స్టూడియోకు పంపేసేవాడు. సినిమా చివర వాళ్ల పేరు పడేది. నేను ఖాళీగా ఉన్నప్పుడు ఇంట్లో ఏదో చేసుకునే మనిషిగా మిగిలేదాన్ని. ఈ ఎండాకాలం కావలిలో ఒక వరి రైతు ఇంటి పెళ్లి ఒప్పుకున్నప్పుడు, నెల్లూరుకు పంపేది లేదు, నేనే చేస్తానని పట్టుబట్టాను. ఈసారి చెయ్యలేకపోతే మళ్లీ ఈ మాట ఎత్తనని కూడా నోరు జారాను.

కొత్త కంప్యూటర్ తప్పలేదు. నెల్లూరులో మేమెప్పుడూ కొనే షాపు భాయ్ రెండు ప్రాసెసర్లు చూపించాడు. ఒకటి అన్నిటికన్నా పెద్దది, రెండోది దానికి ఒక మెట్టు కింద. పెద్దదాని మీద ఆటలు ఎంత బాగా ఆడతాయో ఆయన చాలాసేపు చెప్పాడు. నా దగ్గర హీరో హీరోయిన్లు పీటల మీద కూర్చుని తలంబ్రాలు పోసుకుంటారు తప్ప కాల్పులు జరుపుకోరు భాయ్ అంటే నవ్వేశాడు.

ఇంటికొచ్చి ఒక పాత శుభలేఖ వెనక గీత గీసి మంచీ చెడ్డా రాసుకున్నాను. ముక్కలు కత్తిరించడం, అతికించడం, రంగులు సరిచెయ్యడం, వీటిలో రెండింటికీ పెద్ద తేడా లేదు. అంతా అయ్యాక సినిమాను ఒక్క ఫైలుగా బయటికి తీసేటప్పుడే తేడా. చిన్నదానికి మూడు గంటలు పట్టే పని పెద్దది గంటన్నరలో చేస్తుంది. నెలలో ఎక్కువ రోజులు నాకు చిన్నది చాలు. కానీ నేను కొనేది ఆ ఎక్కువ రోజుల కోసం కాదు, సాయంత్రానికల్లా సినిమా కావాలనే ఆ ఒక్క రోజు కోసం. ఇక చెడ్డ వైపు ఖరీదు, కరెంటు, అన్నిటికన్నా ముఖ్యంగా వేడి. దీనికి ఫ్యాను చాలదు, నీళ్లతో చల్లబరిచే కూలరు పెట్టమని, గదికి ఏసీ ఉంటే మంచిదని భాయ్ మరీ మరీ చెప్పాడు. ఇంకో సంగతి కూడా రాశాను. సెట్టింగుల్లో దానికిచ్చే కరెంటును మూడింట రెండు వంతులకు తగ్గించి నడపొచ్చు, వేగం కొంచెమే తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది. రాసి, వెంటనే కొట్టేశాను. ఇంత పెద్దది కొని ముకుతాడు వేసి నడపడమేమిటని నా రోషం.

మా నాయన మాతోనే ఉంటాడు. ఇక్కడి స్టీమ్ ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసినవాడు. ఆ రోజుల్లో గూడూరులోనో బెజవాడలోనో ఈ ఇంజన్ బాగుచేసింది ఎవరని ఎవరైనా అడిగితే, తన పేరు చెప్పకుండా 'బిట్రగుంట' అని ఊరి పేరు చెప్పేవాడట. షెడ్డు మూతబడ్డాక ఆ పొగరు పోయింది. మీదే ఊరని అడిగితే 'కావలి పక్కన' అంటాడు.

నేను రాసుకున్న ఆ శుభలేఖను ఆయన రెండుసార్లు చదివి ఒక్కటే అడిగాడు.

"వేడి యాడికి పోతుందమ్మా?"

పైరగాలి ఉంది కదా నాయనా అన్నాను. మా వైపు బరువు పనులన్నీ పైరగాలి మీద పెట్టుకుంటాం. కారం దంచడం, గోడకు సున్నం కొట్టడం, చివరికి పక్కింటివాళ్లతో తగాదా కూడా. మధ్యాహ్నం రెండింటికి తూర్పు నుంచి సముద్రం గాలి తిరిగిందంటే ప్రాణం లేచి వస్తుంది. కంప్యూటర్ బల్ల తూర్పు కిటికీ కింద వేయించి, నీళ్ల కూలరూ ఏసీ అక్కర్లేదన్నాను.

"గాలికేమన్నా డ్యూటీ చార్టు ఉండాదా?" అని మా నాయన లేచిపోయాడు. పెద్దదే కొన్నాను, మామూలు ఫ్యానుతోనే.

పెళ్లి రోజు పదకొండింటికల్లా మా ఆయన మెమరీ కార్డులు పంపించాడు. మూడింటికి ఎడిటింగ్ ముగించి, ఫైలు బయటికి తీసే బటన్ నొక్కాను. గంటన్నర అని చూపించింది. పైరగాలి మాత్రం రాలేదు. పడమటి వడగాలే ఇంకా కొడుతోంది. రేకుల కప్పు కింద గది పొయ్యిలా ఉంది. పావుగంటకు గంటన్నర కాస్తా రెండు గంటలైంది. ఫ్యాను ఈల వేసినట్టు అరుస్తోంది. మూడున్నరకు తెర నల్లబడింది. మిషన్ వేడెక్కి తనంతట తనే ఆగిపోయింది. చేసిన భాగమంతా పోయింది, మళ్లీ మొదటి నుంచే. నెల్లూరు స్టూడియోవాళ్ల పేరు కళ్ల ముందు ఆడింది.

మా నాయన వచ్చి చెయ్యి తిప్పి, చేతి వెనక వైపును కంప్యూటర్ డబ్బాకు ఆనించాడు. షెడ్డులో చక్రాల దగ్గర వేడి అలాగే చూసేవాళ్లు. పనిచేసి కాయలు కాచిన అరచేతికి వేడి తెలియదట, చేతి వెనక వైపు అబద్ధం చెప్పదట.

"మంట తగ్గించు," అన్నాడు.

నాకు మండిపోయింది. అసలే టైము లేదు, ఇంకా నెమ్మదిగా నడపమంటావా అని అరిచాను.

"అది ఎంత లాగుతాదో ఏసీ షాపులో చూస్తే లాభం ల్యా. ఈ గదిలో, ఈ ఎండలో ఎంత లాగుతాదో అంతే పెట్టు. నువ్వే గదా రాసినావు, రాసి కొట్టేసినావు."

ఆ శుభలేఖ బల్ల మీదే ఉంది. మిషన్ మళ్లీ లేచేటప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి కరెంటును మూడింట రెండు వంతులకు దించాను. నాలుగింటికి మళ్లీ బటన్ నొక్కాను. గంటా నలభై నిమిషాలని చూపించింది. ఇంత పరువు పట్టుకుని కూర్చున్నది పది నిమిషాల కోసమా అని సిగ్గేసింది. మా నాయన స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని, కాసేపటికొకసారి చేతి వెనక వైపు ఆనించి చూస్తూ తల ఊపేవాడు. ఆయన ముఖంలో ఆ డ్యూటీ కళ నేను చిన్నప్పుడు చూసిందే.

ఆరింటికి ఇరవై నిమిషాలుందనగా పని పూర్తయింది. అప్పుడు వచ్చింది పైరగాలి, తీరిగ్గా, కర్టెన్లు ఊపుకుంటూ. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

స్కూటీ తీస్తే మా నాయన వెనక ఎక్కాడు. హార్డ్ డిస్కును చొక్కా జేబులో పెట్టుకుని, కావలి దాకా దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఏడింటికి హాలులో దీపాలు తగ్గించి సినిమా వేశారు. జీలకర్ర బెల్లం పెట్టే చోట పెళ్లికూతురు దొంగచూపు ఒకటి నేను కావాలని తెర మీద కాసేపు ఆపి ఉంచాను. అక్కడ హాలంతా నవ్వింది. అప్పగింతల దగ్గర ఆడవాళ్లు ముక్కులు తుడుచుకున్నారు. గోడకు ఆనుకుని నేనూ తుడుచుకున్నాను, వేరే కారణానికి.

సినిమా అయ్యాక పెళ్లికూతురు తండ్రి మా దగ్గరికి వచ్చి, నెల్లూరులో ఏ స్టూడియో వాళ్లు చేసినారు ఇది అని అడిగాడు. మా ఆయన నోరు తెరిచేలోపే మా నాయన ముందుకొచ్చాడు.

"నెల్లూరు గాదు. బిట్రగుంట," అన్నాడు. ఆగి, నా వైపు చెయ్యి చూపించాడు. "మా పాప."

ఎన్నేళ్లకో ఆయన నోట ఆ ఊరి పేరు అలా విన్నాను. కావలి పక్కన అనలేదు.