పటమట ఇంట్లో రెక్కల కిటికీ

నేను సైన్సు టీచర్ని. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో పాఠాలు చెప్పాను. దయ్యం పట్టిందని ఊగిపోయే పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని చూశాను. మొహాన నీళ్ళు కొట్టి, నా క్యారేజీలో అన్నం పెట్టి, వెనక్కి తీసుకెళ్ళి బెంచీలో కూర్చోబెట్టాను. ఆకలికీ దయ్యానికీ తేడా తెలియని పెద్దవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళుమంట. కాబట్టి ఇది చదివి ‘పాపం, ఈవిడ కూడానా’ అనుకోబోయేవాళ్ళు కాస్త ఆగండి. నేను ఎవర్నీ దేన్నీ నమ్మమనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

డెబ్బైల నడిమి సంవత్సరాల మాట. మా ఆయన కాలువల ఆఫీసులో గుమాస్తా. పటమటలో బందరు రోడ్డుకి కాస్త లోపలగా ఒక పాత మేడలో పై వాటా అద్దెకి తీసుకున్నాం. మేమిద్దరం, ఆరేళ్ళ మా అమ్మాయి రూతు, పామర్రు నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా అత్తగారు. అంతే సంసారం.

ఆ ఇంటికున్నవన్నీ రెక్కల కిటికీలే. ఈ కాలం వాళ్ళకి తెలియకపోవచ్చు. కిటికీ తలుపుకి అద్దం బదులు అడ్డంగా సన్నటి చెక్క రెక్కలు, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వాటన్నిటికీ మధ్యలో ఒక నిలువు కర్ర. కర్ర పైకి నెడితే రెక్కలన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి, కిందికి లాగితే మూసుకుంటాయి. ఎండ పడదు, గాలి ఆగదు, వీధిలోవాళ్ళకి మనం కనపడం. ఇంట్లో దిగిన రోజు వాటిని చూసి మురిసిపోయాను. తుడవడం మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. ఒక్కో తలుపుకి ఇరవై రెక్కలు. ప్రతి రెక్క మీదా దుమ్ము. దానికి తోడు మా పెరటి వెనకే ఒక రైసుమిల్లు ఉండేది. దాని గొట్టంలోంచి ఊక బూడిద నల్లగా లేచి ఆరేసిన బట్టల మీదా, తలల మీదా, తెరిచి పెట్టిన అన్నం మీదా పడేది.

వేరేవాళ్ళకైతే అది చిరాకు. మాకు ప్రాణం మీదికొచ్చే వ్యవహారం. ఎందుకంటే రూతుకి ఉబ్బసం.

ఆ ఇంటికి రాకముందు చలికాలంలో ఒకసారి దానికి ఆయాసం ఎంత గట్టిగా వచ్చిందంటే పెదాలు నీలంగా అయిపోయాయి. రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. బతికి బయటపడింది. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, “మందు నేనిస్తాను, దుమ్ము సంగతి మీరు చూసుకోండి టీచరుగారూ. మళ్ళీ ఇంత గట్టిగా వస్తే నా దగ్గరికి తెచ్చేదాకా పిల్ల ఆగుతుందో లేదో నేను చెప్పలేను” అన్నారు.

నాతో ఆ మాట అంటే ఇంకేముంది! దుమ్ము మీద పంతం పట్టాను. చాపలు తీసేశాను. దుప్పట్లు వారానికి రెండుసార్లు ఉడకబెట్టించాను. పిల్లకి గాలి ఆడాలని దాని మంచం తెచ్చి పక్క గదిలో కిటికీ కిందే వేశాను. వానలు మొదలవకముందే రెక్కలు బిగుసుకుపోకుండా వాటి చివరలకి కొవ్వొత్తి ముక్క రుద్దాను. రోజూ రెక్కలు తుడవడానికి నాగరత్నం అని ఒక పనిమనిషిని పెట్టుకున్నాను. కాలువగట్టు మీద గుడిసెలో ఉండేది. ముప్పై ఏళ్ళుంటాయేమో, మాట తక్కువ మనిషి.

తుడిచే పద్ధతి కూడా నేనే నేర్పాను. తడిగుడ్డ రెండు వేళ్ళకి చుట్టాలి. కిటికీకి లోపలివైపున్న ఇనప ఊచల సందులోంచి చెయ్యి పెట్టి, మధ్య కర్ర దగ్గర మొదలుపెట్టి చట్రం దాకా ఒక్క లాగు లాగాలి. అటువైపు ఒకటి, ఇటువైపు ఒకటి. పైవాటికి స్టూలు ఎక్కాలి. ఇంత చక్కటి పద్ధతి ఎవరికి తడుతుందని నా మట్టుకు నేను చాలా గర్వపడ్డాను కూడా.

డిసెంబరు వచ్చింది. డెల్టాలో కోతలు, మిల్లుకి తెరిపి లేదు. రూతు దగ్గు మళ్ళీ మొదలైంది. సాయంత్రం నేను బడి నుంచి వచ్చి కర్ర పైకి నెట్టి రెక్కలు తెరిచేదాన్ని. గంట తిరక్కుండానే దగ్గు, తెల్లారేసరికి ఆయాసం. పిల్లని బడి మాన్పించాను. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది.

నాకు భయం వేస్తే కోపంగా బయటికి వస్తుంది. అది నా గుణం. ఒక రోజు నాగరత్నాన్ని నిలబెట్టి కడిగేశాను. నువ్వు సరిగ్గా తుడవడం లేదు, నేను బడికి వెళ్ళగానే గుడ్డ పక్కన పడేసి కూర్చుంటున్నావు, నా పిల్ల ప్రాణం తీస్తావా అన్నాను. ఆ మాట కూడా అన్నాను. రేపట్నుంచి రావద్దన్నాను. ఆవిడ గుడ్డ పిండి, దులిపి, పిట్టగోడ మీద ఆరేసి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి నేనే తుడిచాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. దిక్కుమాలిన దగ్గు తగ్గకపోగా పెరిగింది. ఆ ఆదివారం పిల్లని వదల్లేక నేను చర్చికి కూడా వెళ్ళలేదు. ఈ క్రిస్మస్ దాకా ఉంటుందా అన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

తర్వాతి గురువారం సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బకెట్టుతో రూతు గదిలోకి వెళ్ళాను. రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. రోజంతా మిల్లు ఆడిన రోజది. హాల్లో కిటికీ నల్లగా ఉంది. ఈ కిటికీ మీద వేలితో రాస్తే వేలికి ఏమీ అంటలేదు. అన్నిటికంటే పై రెక్కలు ఇంకా తడిగా ఉన్నాయి.

మొదట సంతోషించాను, అబద్ధం ఎందుకు. తర్వాత ఎవరు తుడిచారని మా అత్తగారిని అడిగాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నారు. మధ్యాహ్నం భోజనం అయినప్పటి నుంచీ అక్కడే ఉన్నానని, ఎవరూ రాలేదని అన్నారు. గదికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. మధ్యాహ్నమంతా నిద్రపోయి ఉంటుందనుకుని రూతుని అడగాలని నాకు తట్టలేదు. ఆవిడ తుడిచే ప్రశ్న లేదు. మోకాళ్ళ నొప్పులతో మంచం మీంచి లేవడానికే ఒకరు చెయ్యివ్వాలి, స్టూలేం ఎక్కుతారు? మా ఆయన సాయంత్రం ఆరింటికి గానీ రారు. అడిగితే నవ్వి, “నాకంత బుద్ధే ఉంటే నీ చేత ఇన్ని చీవాట్లెందుకు తింటానోయ్” అన్నారు. కిటికీకి బయట నిలబడే చోటు లేదు. పై అంతస్తు, సన్‌షేడు కూడా లేదు.

అప్పుడు చూశాను, కిటికీ గట్టు మీద ఒక చిన్న కుప్ప. గుప్పెడు కూడా ఉండదు. నల్లటి మట్టి.

నేను దాన్ని సైన్సు టీచర్లాగే చూశాను. చిటికెడు తీసుకుని నలిపాను. ఊక బూడిద, తడిసి గట్టిపడి పెచ్చులు కట్టినది. ఒక్కో పెచ్చు ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుగ్గా ఉంది. ఏదో సందులోంచి గీకి తీసినట్టుంది. జడలో పిన్ను తీసి, రెక్క చివర చట్రంలో దూరే సందులో పెట్టి చూశాను. ఖాళీ. హాల్లో కిటికీకి పోయి అదే సందులో పిన్ను పెట్టాను. అలాంటి పెచ్చే ఊడివచ్చి, నలిగి పొడై నేల మీద రాలింది.

నేను నేర్పిన పద్ధతి గుర్తుంది కదా? కర్ర దగ్గర మొదలుపెట్టి చట్రం దాకా లాగడం. రోజూ దుమ్మంతా తడి చేసి ఆ సందుల్లోకే తోసేశాం. అక్కడ అది ఎండింది. సాయంత్రం నేను కర్ర నెట్టినప్పుడల్లా రెక్కల చివరలు తిరిగి దాన్ని తిరగలిలా నూరాయి. ఆ పొడి రాలింది ఎక్కడనుకున్నారు? కిటికీ కింద గాలికోసం నేనే తెచ్చి వేసిన మంచం మీద. నా బిడ్డ ముక్కు మీద.

రెక్కల వైపు మళ్ళీ చూశాను. తడి గుర్తులు ఆరుతూ కనిపిస్తున్నాయి. అవి చట్రం దగ్గర మొదలై మధ్య కర్ర దగ్గర ఆగాయి. నా పద్ధతికి సరిగ్గా తిరగేసి.

శుక్రవారం పొద్దున ఒక పని చేశాను. కిటికీ కర్రకీ ఇనప ఊచకీ కలిపి కుట్టుదారం కట్టాను. రెండు ముళ్ళు వేశాను. కర్ర కాస్త కదిలినా తెగుతుంది. రెక్కలు మాత్రం తుడవలేదు. రూతుని ముందుగదిలో పడుకోబెడదామనుకుంటే మంకుపట్టు పట్టి తన మంచమే కావాలంది. మా అత్తగారిని గుమ్మంలోంచి కదలొద్దని చెప్పి బడికి వెళ్ళాను. ఆవిడ చెప్పినట్టే కదల్లేదు, నాకు ఆవిడ సంగతి తెలుసు. సాయంత్రం వచ్చేసరికి నా దారం, నా రెండు ముళ్ళు అలాగే ఉన్నాయి. రెక్కలు తుడిచి ఉన్నాయి. గట్టు మీద చిన్న కుప్ప, నిన్నటి కంటే చిన్నది. రూతు నిద్రపోతోంది. చాలా రోజుల తర్వాత నోరు మూసుకుని, ముక్కుతో గాలి పీల్చుకుంటూ నిద్రపోతోంది.

మా అత్తగారు దేవదూత అన్నారు. మా ఆయన ఏమీ అనలేదు. నేను ఇద్దరినీ కసిరాను.

శనివారం బడికి సెలవు పెట్టి పొద్దుగూకేదాకా ఆ గదిలో కాపలా కూర్చున్నాను. ఎవరూ రాలేదు, ఏమీ జరగలేదు. ఊరికే కూర్చోవడం నా వల్లకాక పిన్నూ పొడిగుడ్డా తీసుకుని ఇంట్లో ప్రతి కిటికీ సందులూ గీకాను. ఆ తర్వాత చట్రం నుంచి కర్ర దాకా తుడిచాను. ఆ రోజు నుంచి అదే పద్ధతి. మళ్ళీ ఎప్పుడూ ఆ కిటికీ దానంతటది శుభ్రంగా కనిపించలేదు. నేర్చుకున్నవాళ్ళకి ఇంక నేర్పేవాళ్ళతో ఏం పని?

పది రోజుల్లో రూతు కోలుకుంది. ఇందులో మహిమ ఏమీ లేదు. దుమ్ము పోయింది, దగ్గు తగ్గింది. క్రిస్మస్‌కి సండేస్కూలు పిల్లలతో నిలబడి పాట మొత్తం పాడింది. నేను వెనక బెంచీలో కూర్చుని ఏడ్చాను.

నాకు అప్పటికి ఒకటే అనుమానం మిగిలింది. నాగరత్నం. ఎలాగో అలాగ ఆవిడే వచ్చి ఉంటుంది, మా అత్తగారు జాలిపడి నా దగ్గర దాచి ఉంటారు. సంక్రాంతి పోయాక రూతుని వెంటబెట్టుకుని కాలువగట్టుకి వెళ్ళాను. పక్క గుడిసెవాళ్ళు ముందే చెప్పేశారు. నేను వెళ్ళగొట్టిన మర్నాడే పామర్రు వైపు కోతలకి పోయిందట, నిన్ననే వచ్చిందట.

నాగరత్నం బయటికి వచ్చి నన్ను చూసి నిలబడిపోయింది. నేను క్షమించమన్నాను. నా జీవితంలో ఆ మాట అన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత, ఆ రెండు రోజులూ వచ్చి తుడిచింది నువ్వే కదా అని అడిగాను.

“నేనేడ వచ్చానండీ! నూర్పిళ్ళయ్యేదాకా ఆడే ఉన్నాం. మీరు కర్ర కాణ్ణుంచి అటు లాగమన్నారు, అట్టాగే లాగాను” అంది. తర్వాత నేల చూస్తూ అంది. “మట్టంతా సందుల్లోకి పోతందని నాకు తెలుసండీ. అంత చదువుకున్నోళ్ళు, మీకు తెలవదా అని ఊరుకున్నా. చెబితే తిడతారని కూడానండీ.”

అప్పుడు నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ రూతు, “నాగరత్నం కాదు, అమ్మే తుడిచింది” అంది.

నేను కాదే అన్నాను. “నువ్వే కదమ్మా. మధ్యాహ్నం వచ్చావుగా. నేను లేచి చూశాను. పై రెక్కలు కూడా స్టూలు లేకుండానే తుడిచావు. నాకు దగ్గొస్తే నా వీపు మీద చెయ్యి పెట్టి, మెల్లిగా పీల్చుకో, తొందరేం లేదు అన్నావు.”

ఆ రెండు మధ్యాహ్నాలూ నేను బడిలో పాఠం చెబుతున్నాను. నలభై మంది పిల్లలు సాక్షులు. పై రెక్కలు నాకు స్టూలు లేకుండా అందవు. అన్నిటికంటే ముఖ్యం, తొందరేం లేదు అన్న మాట నేను నా బిడ్డతో ఎప్పుడూ అనలేదు. దానికి ఊపిరి ఆడనప్పుడల్లా మందు మింగలేదని, చన్నీళ్ళు ముట్టుకున్నావని, మాట వినవని కసురుతూనే ఉండేదాన్ని.

దయ్యాలున్నాయని ఇవాళ్టికీ నేను ఒప్పుకోను. అది ఎవరో, ఎలా వచ్చారో నా చదువుకి అందలేదు. రూతుకి ఇప్పుడు యాభై దాటాయి. చిన్నప్పుడు తనకి ఆయాసం వస్తే మా అమ్మ ఎంత నెమ్మదిగా వీపు రాసేదో తెలుసా అని తన పిల్లలకి చెబుతుంది. అది నేను కాదమ్మా అని చాలాసార్లు నోటిదాకా వస్తుంది. ఆ నెమ్మది నాకు లేదు, అప్పుడూ లేదు. కానీ అది నేనేనని నా కూతురు ఇన్నేళ్ళూ నమ్మింది. కాదని చెప్పే ధైర్యం నాకు లేదు.