అగ్గిపెట్టె అడిగిన డిటెక్టివ్

ఆ రోజుల్లో పాకెట్ నవలల్లో అందరూ చదివే డిటెక్టివ్ వేషం మా వైపు నాటకాల్లో ఒక్కడికే అతికింది. ధవళేశ్వరంలో గుమాస్తా, నా స్నేహితుడు. చివరి రంగంలో నోట్లో సిగరెట్టు పెట్టుకుని, అనుమానితులను ఒక్కొక్కరినే దాటుకుంటూ నడిచేవాడు. ఎవరి ముందు ఆగి ‘అగ్గిపెట్టె ఉందా?’ అని మెల్లగా అడిగితే వాడే దొంగ. ఆ మాట కోసం మా కొవ్వూరు జనం ఊపిరి బిగబట్టి కూచునేవారు.

ఒకసారి మా వీధిలో కిరాణా వర్తకుడి ఇంట్లో గొలుసు పోయింది. అనుమానం పనిమనిషి మీద పడింది. అంజనం వేయిస్తామన్నారు. తమలపాకు మీది కాటుకలో దొంగ మొహం కనిపిస్తుందట. నేను మండిపడ్డాను.

“తమలపాకు సాక్ష్యంతో మనిషిని దొంగని చేస్తారా? బుర్రున్నవాణ్ణి పిలిచి అడిగించండి.”

“ఎవర్నండీ?” అన్నాడు వర్తకుడు.

నా స్నేహితుడి పేరు చెప్పాను. నాలుగు ప్రశ్నలు తిన్నగా అడగగలడని నా ఉద్దేశం. అతని నాటకాలన్నీ చూసిన వర్తకుడి కళ్లు మెరిశాయి. అప్పుడైనా నాకు తెలియవలసింది.

ఆదివారం పొద్దున్న వచ్చాడు. హాలంతా ఇరుగుపొరుగు. గొలుసు ఆఖరిసారి ఎవరు చూశారు, గదిలోకి ఎవరెవరు వెళ్లారు, అరగంట సేపు అడిగాడు. ఏమీ తేలలేదు. విసిగిపోయి, అలవాటుగా సిగరెట్టు నోట్లో పెట్టుకుని జేబులు తడుముకున్నాడు. వంటింటి గుమ్మంలో పనిమనిషి నుంచుని ఉంది. అందరికంటే పొయ్యికి దగ్గర ఆవిడే.

“అమ్మా, అగ్గిపెట్టె ఉందా?”

హాల్లో అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ గుమ్మం పట్టుకుని కూలబడింది.

“నే చెప్పలా, ఇదేనని,” అంది వర్తకుడి భార్య.

“సిగరెట్టు ముట్టించుకుందామని అడిగానండీ.”

“స్టేజీ మీదా అలాగే అడుగుతారు కదండీ,” అన్నాడు వర్తకుడు.

“స్టేజీ మీద దొంగెవరో రిహార్సల్ నాడే చెప్తారండీ నాకు. ఇక్కడ ఎవరు చెప్పారు?” అతను సిగరెట్టు తీసి జేబులో పడేసుకున్నాడు. “ఈవిడ తీసిందనడానికి ఒక్క ఆధారం లేదు.”

వర్తకుడు పోలీసుల మాట ఎత్తలేదు. “రేపట్నుంచి రాకు” అని మాత్రం ఆవిడతో అన్నాడు.

వీధిలో ఆవిడ నా వెనకే వచ్చింది.

“అంజనం వేయించనివ్వాల్సిందండీ. అందులో నా మొహం కనపడేది కాదు. మీరు అడ్డం పడ్డారు.”

“నువ్వు తీశావని రుజువు కాలేదమ్మా. అది చాలు.”

“మీకు చాలండీ. నన్నింక పన్లో ఎవరు పెట్టుకుంటారు?”

మా ఇంటికి రమ్మనాలి. మా ఇంట్లో మనిషి అవసరం కూడా ఉంది. రుజువు లేని నేరం నేరమే కాదని ఎన్నో సభల్లో బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. ఆ క్షణాన మా బీరువా తాళం గుర్తొచ్చింది. రమ్మనలేదు. ఆవిడ గోదావరి గట్టు వైపు నడిచిపోయింది.