కామాగారి జనరేటర్

కామాగారికి ఉన్న వింత ఒక్కటే: వాక్యం మధ్యలో ఆగిపోతారు. మాట తోచక తడబడటం కాదు. సగం తెరిచిన నోరు అలాగే ఉంటుంది, కళ్లు ఆర్పరు, కాఫీ కప్పు గాల్లోనే నిలబడిపోతుంది. తర్వాతెప్పుడో, తనకు బుద్ధి పుట్టినప్పుడు, ఆగిన చోటినుంచే అందుకుంటారు. అందుకే కామా అని పేరు పడింది. ఆయన అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకు తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

చీపురమ్మకు ఆయనంటే హడలు. ఆవిడకా పేరు పనివల్ల వచ్చింది. వాళ్ల బృందం తయారుచేస్తున్న ప్రోగ్రామింగ్ భాషలో, అక్కర్లేని సామానును మెమరీలోంచి ఊడ్చేసే భాగం ఆవిడది. పైగా పాపం నత్తి. మొదటి అక్షరం దాటేలోపే మేనేజరు మిగతాది తనే పూర్తిచేసేవాడు, అదీ తప్పుగా.

ఒకరోజు లిఫ్టులో ఆవిడ పలకరించబోతుండగా కామాగారు "ఆ మూడో అంతస్తు గోడలోంచి" అని ఆగిపోయారు. తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ చెప్పాపెట్టకుండా దిగిపోయింది. మర్నాడు ఖాళీ మెట్లమీద వెళ్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది. "నీళ్లు కారుతున్నాయమ్మా, ఎవరికైనా చెప్పాలి."

ఆయన ఆగినప్పుడు ఎవరైనా నోరు తెరిస్తే ఇంకా గండం. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవారు. అందుకని గది మొత్తం ఊపిరి బిగబట్టేది. ఒకసారి ఆయన భార్య ఆఫీసుకు వస్తే మేనేజరు మెల్లగా ఆరా తీశాడు.

"ఇంట్లో కూడా ఇలాగే ఆగిపోతారాండీ?"

"ఎక్కడండీ, గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు. కాస్త ఆగితే బాగుండని నా ఏడుపు."

అది విన్నాక అందరికీ భయం రెట్టింపయింది.

అలాంటి మనిషి, తాము తయారుచేస్తున్న భాషలో జనరేటర్లు అనేవి పెట్టాలని పట్టుబట్టారు. ప్రోగ్రాములో ఒక పని చేసిపెట్టే ముక్కను ఫంక్షన్ అంటారు. మామూలు ఫంక్షన్‌ని పిలిస్తే పనంతా ముగించి, జవాబు చేతిలో పెట్టి పోతుంది. జనరేటర్ అలా పోదు. ఒక్క జవాబిచ్చి ఉన్నచోటే ఆగిపోతుంది, మళ్లీ పిలిస్తే అక్కడినుంచే లేస్తుంది.

"తన వంశాన్ని పెంచుకుంటున్నాడు మహానుభావుడు," అని మేనేజరు గొణిగితే అందరూ నవ్వారు.

చీపురమ్మ నవ్వలేదు. వాటిని పెట్టాలా వద్దా తేల్చుకోవాల్సిన రోజు మధ్యాహ్నం ఆవిడ యంత్రాల గదిలో ఒంటరిగా కూర్చుని జనరేటర్లను పరీక్షించింది. మొదటి జవాబులు అందగానే వాటిని పిలవడం మానేసింది. లోపలికి తొంగి చూస్తే అవన్నీ అక్కడే ఉన్నాయి. తెరిచిన ఫైళ్లు పట్టుకుని, ఇక రాని పిలుపు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాయి. వాటిని ఊడ్చేసింది. అవి పోయాయి, కానీ ఫైళ్లు తెరిచే ఉన్నాయి, పోయినవాళ్లు ఇంకా పట్టు వదలనట్టు. మూసే పని వాటి మిగిలిన సగంలో ఉండిపోయింది మరి. 

ఇవాళ సమావేశంలో అందరూ సరేనని చేతులెత్తితే సోమవారానికి ఇది ఊళ్లో యంత్రాలన్నిట్లోకీ వెళ్లిపోతుంది. రాసి పంపే వ్యవధి లేదు, సమావేశం మొదలైపోయింది. ఆవిడ పరుగున వెళ్లింది.

"అందరికీ సమ్మతమేగా?" అంటున్నాడు మేనేజరు.

"ఫ... ఫ..."

"ఫస్టుక్లాసుగా ఉందంటోంది. సరే, చేతులెత్తండి."

కామాగారు లేచారు. "ఒక్క మాట. ఈ జనరేటర్ వల్ల లాభమేమిటంటే" అని ఆగిపోయారు.

ట్యూబులైటు సన్నగా మూలుగుతోంది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. గదిలో ఒక్కరూ కదల్లేదు. ఆయన కళ్లు మాత్రం సూటిగా చీపురమ్మ పెదాలమీద ఉన్నాయి.  అప్పుడు ఆవిడకు వెలిగింది. ఈయన ఎప్పుడు ఆగినా తను మాట్లాడబోతూనే ఉంది. తనకోసం తెరిచిన తలుపును చూసి ఇన్నాళ్లూ దెయ్యమని పారిపోయింది.

"ఫ... ఫైళ్లు మూ... మూతపడటం లేదు సార్."

ఎవరూ అడ్డు రాలేదు. ఎవరొస్తారు, ఆయన మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటే? ఆవిడ చూసిందంతా తన తీరునే, ఆగుతూ ఆగుతూ, చివరిదాకా చెప్పింది.

"అయితే ఇలా వద్దు. నా ప్రతిపాదన నేనే వెనక్కి తీసుకుంటున్నా," అన్నారు కామాగారు. "ఊడ్చేముందు మూసే పని చేయించే దారి ఈ అమ్మాయి చూస్తుంది. అప్పుడు పెట్టుకుందాం."

"మరి లాభమేమిటో చెబుతున్నారు కదా సార్?" అన్నాడు మేనేజరు.

"ఆ వాక్యానికి చివర లేదయ్యా. ఆగడానికి మొదలెట్టాను."

వరండాలో చీపురమ్మ ఆయన్ని అందుకుంది. "థ... థ..." అని చిక్కుకుపోయింది. కామాగారు అడుగు గాల్లో ఉండగానే ఆగిపోయారు, కళ్లార్పకుండా. అటుగా వస్తున్న కొత్త వాచ్‌మన్ ఆయన్ని చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. ఆవిడ పకపకా నవ్వి, నవ్వు ఆగాక, చెప్పాల్సింది తీరుబడిగా చెప్పింది.