ముప్పై అని చూపించిన ఇంక్యుబేటర్

పీహెచ్‌డీకి ఏడో ఏడు ఎందుకు పట్టిందని ఎవరైనా అడిగితే, ఎండల వల్ల అంటాను. చుట్టాలు నవ్వుతారు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు. ఉన్న ఓపికంతా మా ఊరు పద్మనాభం నుంచి ల్యాబ్‌కి బస్సులో నిలబడి రావడానికీ, నిలబడి పోవడానికీ సరిపోయింది.

నా పని ఈస్టు మీద. అదే, బేకరీలో రొట్టెను పొంగించేది. ఒక ఈస్టు కణం దగ్గర్లో ఉన్న జత వాసన పసిగడితే, ఆ కబురు కణం లోపల ఒక ప్రొటీన్ నుంచి ఇంకో ప్రొటీన్‌కి చేరుతూ పోతుంది. చివరికి కణం గుండ్రంగా ఉండడం మానేసి, జత వైపు ముక్కులా సాగుతుంది. ఆ కబురు మోసే ప్రొటీన్లు కొన్ని తమంతట తాము తిన్నగా నిలబడలేవు. వాటిని సరిగ్గా మడిచి, పట్టుకుని, పనిలోకి దింపే ప్రొటీన్లని షాపెరోన్లంటారు. ఆ షాపెరోన్లకి మళ్లీ సహాయకులు. దొరలకు నౌకర్లు, నౌకర్లకు నౌకర్లు. నేను ఒక సహాయకుణ్ణి తీసేసిన ఈస్టును పెంచి, కబురు చేరుతోందా లేదా అని చూసేదాన్ని. చేరలేదు. పక్కనే పెంచిన మామూలు ఈస్టు చక్కగా సాగింది, నాది గుండ్రంగా కూర్చుంది. మూడు వేసవులు, మూడుసార్లూ అంతే. ఆ సహాయకుడు లేకపోతే కబురే లేదని రాసేశాను. నా థీసిస్ మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది.

వేసవిలోనే ఎందుకంటే, మిగతా రోజుల్లో డిగ్రీ పిల్లలకి ప్రాక్టికల్స్ చెప్పాలి. సెలవులిస్తేనే ల్యాబ్ నా చేతికొచ్చేది.

ఆరో ఏడు ఏప్రిల్‌లో నా థీసిస్ సార్ టేబుల్ మీద ఉంది. నా గైడ్ ఆయన. జూన్ ఆఖరుకి రిటైరవుతారు, నేను ఆయన చివరి విద్యార్థిని. సంతకం పెడితే ఇద్దరం ఒకేసారి బయటపడతాం.

ఒక శనివారం మా అక్క మొగుడు ల్యాబ్‌కి వచ్చాడు. బావ స్టీల్ ప్లాంటులో మీటర్లు చూసే మెకానిక్. పొద్దుటి షిఫ్టు దిగి, నన్ను బండి మీద ఊరికి తీసుకెళ్దామని వచ్చాడు. మా ల్యాబ్ మేడ మీద ఆఖరి గది. కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనిపిస్తాయి, వాటితో పాటు పడమటెండ కూడా లోపలికొస్తుంది. నేను చేతులు కడుక్కునేలోపు బావ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, నేను ఈస్టును వెచ్చగా పెంచే పెట్టె, ఇంక్యుబేటర్ ముందు నిలబడ్డాడు.

"ఏటే ఇది, ముప్పై అంటంది?"

"లోపల ముప్పై డిగ్రీలుంటాది బావా. ఈస్టుకి అదే సుఖం."

"గదిలోనే అంతకంటే ఎక్కువున్నాది కదే. దీనికి సల్లబరిసే మిషనేది?"

లేదు. వేడి చేసే కాయిల్ ఒక్కటే ఉంది.

"మరి ముప్పై ఎలాగొచ్చింది? నువ్వు పెట్టిన నంబరు సూపిత్తంది గానీ ఉన్న నంబరు కాదే ఇది! మా కాడ ఇలాగ సదివితే గేటు బయటికి పంపించేత్తారు."

లోపల థర్మామీటర్ పెట్టాం. ముప్పై ఆరు. నవ్వుతున్న బావ నా మొహం చూసి ఆపేశాడు.

వేడికి ప్రొటీన్ల మడతలు విడిపోతాయి. సహాయకుడి అవసరం అప్పుడే ఎక్కువ. నేను మూడు వేసవులు ఈస్టును సెగలో పెట్టి, మామూలు రోజుల సంగతి రాసేశాను. చల్లగా ఉన్నప్పుడు ఏమవుతుందో చూసిందెవరు? తర్వాత డిసెంబరులో, వేరే డిపార్టుమెంటు వాళ్లని బతిమాలి చల్లబరిచే మిషన్ కూడా ఉన్న ఇంక్యుబేటర్‌లో, నిజమైన ముప్పైలో చూశాను. కాస్త ఆలస్యంగానే అయినా, సహాయకుడు లేని నా ఈస్టు సాగింది.

కానీ బావ వచ్చిన మర్నాడు, ఆదివారం, అదేమీ తెలియదు. రోజంతా పడుకున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. కొత్త గైడ్, కొత్త ప్రయోగాలు, మళ్లీ అదే బస్సు. నిజాయితీ మీద నాకు గొప్ప అభిప్రాయాలేం లేవు. దాచిపెట్టి బతికే ఓపిక కూడా లేకపోయింది, అంతే.

సోమవారం చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. 

"ఆ ఇంక్యుబేటర్ నేను ఉద్యోగంలో చేరిన ఏడాది తెప్పించిందమ్మా," అన్నారు సార్. "పాఠాలు చెప్పుకుంటూ, నేనూ సెలవుల్లోనే చేసేవాణ్ణి."

లేచి బీరువా తాళం తీశారు. ఆయన పాత ల్యాబ్ పుస్తకాలు, అట్టలు ఊడిపోయినవి, ఒక్కొక్కటే దించి నా ముందు పెట్టారు. తను మాత్రం తెరవలేదు.

"నువ్వు చదువు. తేదీలు చాలు."

మొదటిది తెరిచాను. ఆయనకి పేరు తెచ్చిన పని అందులోనే ఉంది. 

"ఏ నెల?"

"మే, సార్."

"తర్వాతది?"

"అదీ మే."

సంతకం పెట్టని నా థీసిస్ కట్ట నా వైపు జరిపి, ఆయన ఇంకో పుస్తకం అందించారు. సాయంత్రం బస్సు వెళ్లిపోయేదాకా చదువుతూనే ఉన్నాను. అన్నీ ఎండాకాలం తేదీలే, డిసెంబరు ఒక్కటీ రాలేదు.