తెలుగులో అడిగిన మాట

ఈ సంగతి ఇన్నేళ్లుగా నాలోనే మోస్తున్నాను. మా ఆయనకు కూడా తెలియదు. పెద్ద నేరమేమీ కాదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కాకపోతే ఎందుకు దాచాను?

2009లో మేం అమెరికాలో, ఇర్వింగ్‌లో ఉండేవాళ్లం. చుట్టూ అందరి ఉద్యోగాలూ పోతున్న రోజులు. మా ఆయనది ఇంకా ఉంది. నాకు పనిచేసే వీసా లేదు. ఊరికే కూర్చోలేక, దగ్గర్లోని చర్చిలో ఉన్న ఫుడ్ ప్యాంట్రీలో సాయానికి వెళ్లేదాన్ని. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు బియ్యం, పాలు, కూరగాయలు ఉచితంగా తీసుకెళ్లే చోటు అది. దాన్ని నడిపే డోరతీ ఎనభై దాటిన ఇంగ్లండ్ ఆవిడ. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: వచ్చినవాళ్లను ఏమీ అడగకూడదు.

ఎందుకో ఒకరోజు చెప్పింది. ఆమె చిన్నతనంలో తండ్రికి గనిలో పని పోయిందట. సాయం ఇచ్చే ముందు ఒక అధికారి ఇంటికొచ్చి, అల్మారాలు తెరిచి చూసి, తల్లి కుట్టుమిషన్ చూపించి, ముందు దీన్ని అమ్ముకోండి అన్నాడట. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. బాంబులకు ఊళ్లు కూలి, అప్పుల్లో మునిగిన ఆ దేశం, పని పోయినా రోగం వచ్చినా ఇకమీద ఎవరినీ వదిలేయకూడదని తీర్మానించుకుంది. వైద్యం అందరికీ ఉచితమైన కొత్తలో, ఏళ్ల తరబడి కడుపునొప్పి దాచుకున్న ఆ తల్లి డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయిందట. "ఎక్కడ నొప్పి అని మాత్రమే అడిగారు" అందట.

నాకు ఒళ్లు జలదరించింది. తమకే లేని రోజుల్లో మనుషులు ఇంత పెద్ద ఆలోచన చేయగలరా? గుళ్లో ఏ మహిమ గురించి విన్నప్పుడూ నాకలా అనిపించలేదు.

అంతా విన్న నేనే ఈ పని చేశాను.

రమణగారు మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండేవారు. కూతురి పుట్టినరోజుకు మమ్మల్ని పిలిచిన మనిషి. ప్రాజెక్ట్ పోయిందని విన్నాను. ఒకరోజు ఇస్త్రీ చొక్కాతో, ఖాళీ సంచితో ప్యాంట్రీకి వచ్చారు. పక్కనే ఉన్న డోరతీకి అర్థం కాకూడదని తెలుగులో అడిగాను.

"మీకు కూడా ఇంత అవసరమా అండీ? కార్ ఉంది కదా, అమ్మేయొచ్చుగా?"

ఆయన నా మొహం చూడలేదు. "అబ్బే, నాకోసం కాదండీ. ఫ్రెండ్‌ని డ్రాప్ చేద్దామని వచ్చా. ఉంటానండీ."

వెళ్లిపోయారు. ఏమన్నాడని డోరతీ అడిగితే, పొరపాటున వచ్చారట అన్నాను.

ఆ ఆదివారం గుడి భోజనాల్లో రమణగారి అమ్మాయి రెండోసారి పులిహోర పెట్టించుకుని, ప్లేటు బయటికి తీసుకెళ్లింది. వాళ్ల నాన్న కార్‌లోనే కూర్చుని ఉన్నారు. వడ్డించేది నేను. నెల తిరక్కుండా వాళ్లు ఇండియా వెళ్లిపోయారు.

జాలి లేక అడిగానా? కాదు, భయంతో. అంత చదువు, అంత జాగ్రత్త ఉన్న మనిషికే ఆ గతి పడితే రేపు మాకూ పట్టొచ్చు. తప్పేదో ఆయనలోనే ఉందని తేల్చుకుంటే తప్ప నాకు ధైర్యం చిక్కేది కాదు. ఒక దేశం మొత్తానికి సాధ్యమైన పని, బల్ల వెనక నిలబడిన నా ఒక్కదానికి సాధ్యం కాలేదు. ఆ దేశాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా ఆశ్చర్యం తగ్గదు. నన్ను తలచుకుంటే సిగ్గూ తగ్గదు.

రెండేళ్లకు డోరతీ పోయింది. ఆమెకు చెప్పలేకపోయాను. రమణగారి ఆచూకీ నేను వెతకలేదు.

తిండి కోసం వచ్చిన మనిషిని నేను తిప్పి పంపాను. ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు. ఇప్పుడు మీతో అన్నాను.